సిరామిక్స్‌లో పీహెచ్‌డీ సీటు, రిఫ్రాక్టరీ కంపెనీ ఆఫర్.. రెండూ ఒకే వారంలో వచ్చాయి, ఏం చేయమంటారు?

నూజివీడు_రసం | సోమవారం రాత్రి 10:20

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు, ఇదే మొదటిసారి, పొడుగైతే ఏమీ అనుకోకండి. నాది ట్రిపుల్ ఐటీలో ఎంఎంఈ (మెటలర్జీ, మెటీరియల్స్ ఇంజనీరింగ్), ఈ ఏడాదే అయిపోయింది. గేట్‌లో ఎంటీ (మెటలర్జీ) పేపర్ రాశాను. ర్యాంకు మరీ గొప్పదేమీ కాదు కానీ ఒక ఐఐటీలో డైరెక్ట్ పీహెచ్‌డీకి ఇంటర్వ్యూ పిలిచారు, సెలెక్ట్ అయ్యాను. ల్యాబు సిరామిక్స్‌ది. అదే వారంలో విశాఖ వైపు ఒక రిఫ్రాక్టరీ కంపెనీ (కొలిముల లోపల వేసే, వేడికి తట్టుకునే ఇటుకలు చేసేది) నుంచి ట్రైనీ ఇంజనీర్ ఆఫర్ వచ్చింది, ఏడాదికి 4 లక్షల 20 వేలు. పీహెచ్‌డీకి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000. లెక్కేసుకుంటే ఇప్పటికైతే రెండూ ఒకటే.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్, ఇంకో మూడేళ్ళలో రిటైర్మెంట్. తమ్ముడు ఇంటర్. నాన్న ఏమీ అనడం లేదు, అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. మా బావ మాత్రం "కప్పులూ సాసర్లూ చేయడానికి ఐదేళ్ళు చదవాలా, మూడు నెలలు కూర్చుని జావా నేర్చుకో" అంటున్నాడు.

నాకు ఈ పని ఇష్టమే. ఫైనలియర్ ప్రాజెక్టులో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పౌడర్‌ని నొక్కి, కాల్చి పెల్లెట్లు, అంటే బిళ్ళలు, చేశాం. పన్నెండు నొక్కితే మూడే బాగా వచ్చాయి. మిగతావాటికి డబ్బా మూత ఊడినట్టు పైపొర లేచిపోయింది, ఎందుకో మాకెవరూ సరిగ్గా చెప్పలేదు. కానీ ఆ మూడూ బల్ల మీద వేస్తే టింగుమన్నాయి చూడండి, ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. ఐదేళ్ళ తర్వాత నేను ఎక్కడ తేలతానో తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

కొలిమి1600 | సోమవారం రాత్రి 11:05

చెల్లెమ్మా, ఉద్యోగంలో చేరు. నేను పద్నాలుగేళ్ళుగా రిఫ్రాక్టరీస్‌లోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా.

ఇటుకలే కదా అని తీసిపారేయకు. ఈ ఇటుకల్లో ఎక్కువ భాగం వాడేది స్టీలు ప్లాంట్లే. కరిగిన స్టీలు 1,600 డిగ్రీల వేడితో లేడిల్‌ అనే పెద్ద బాల్చీలో ఉంటే దాన్ని మోసేది లోపలి మెగ్నీషియా-కార్బన్ ఇటుక. అందులో గ్రాఫైట్ ఎందుకు, అది కాలిపోకుండా అల్యూమినియం పొడి ఎందుకు కలుపుతారు, స్లాగు (కరిగిన స్టీలు మీద తేలే తెట్టు) ముందు ఎక్కడ కొరుకుతుంది, ఇవన్నీ నేను వాడి పడేసిన ఇటుకని రంపంతో కోసి, ఆ కోతని గంటలు గంటలు చూసి నేర్చుకున్నవి. ఏ క్లాసులోనూ దొరకలేదు నాకు.

మా ఆర్ అండ్ డీలో ఎనిమిది మందిలో ఇద్దరికే డాక్టరేట్. బీహెచ్‌యూ, రూర్కెలా, కోల్‌కతా సిరామిక్ కాలేజీ వాళ్ళే ఎక్కువ. బీహెచ్‌యూలో సిరామిక్స్ 1924 నుంచి ఉంది, వాళ్ళ సీనియర్లు లేని ప్లాంటు ఉండదు. నువ్వు బయటి బ్రాంచి నుంచి వస్తున్నావు, రెండేళ్ళు ప్లాంటు చూస్తే ఆ లోటు తీరుతుంది. ఆ తర్వాత పీహెచ్‌డీకి వెళ్ళు, అప్పుడు నీ ప్రశ్న నీ దగ్గరే ఉంటుంది, గైడ్ ఇచ్చింది చేయక్కర్లేదు. ఒక్కటే, మాస్కు తీయకు. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు.

ల్యాబ్_మెట్లు | మంగళవారం ఉదయం 6:40

హైదరాబాద్‌లో ప్రభుత్వ ల్యాబులో పనిచేస్తాను, ఇరవై ఏళ్ళు దాటింది. పైన చెప్పిన దాంట్లో "రెండేళ్ళు పని చేసి తర్వాత పీహెచ్‌డీ" అన్నది వినడానికి బాగుంటుంది కానీ, అమ్మా, ఒకసారి వయసు లెక్క వేసుకో. ఇప్పుడు నీకు 22 అనుకుందాం. పీహెచ్‌డీ అయ్యేసరికి 27 కావచ్చు, 28 కావచ్చు. పోస్ట్‌డాక్ (డాక్టరేట్ తర్వాత చేసే టెంపరరీ రీసెర్చ్) రెండు మూడేళ్ళు. అంటే 30, 31. సీఎస్‌ఐఆర్‌లో, అంటే కేంద్ర ప్రభుత్వ రీసెర్చ్ ల్యాబుల్లో, సైంటిస్ట్ పోస్టుకి సాధారణంగా వయసు 32 దాటకూడదు, కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కీ అంతే, సడలింపులు ఎవరికి ఉంటే వాళ్ళకి. ముందు రెండేళ్ళు ప్లాంటులో గడిపితే సరిగ్గా ఆ తలుపు మూసుకునే వేళకి నువ్వు మెట్లెక్కుతుంటావు. నా పేరు అందుకే అలా పెట్టుకున్నా, నేను ఆ వయసు దాటడానికి మూడు నెలల ముందు లోపలికి వచ్చిన మనిషిని.

డబ్బు సంగతి: సీఎస్‌ఐఆర్ సైంటిస్ట్ లెవెల్ 11, బేసిక్ 67,700. ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ 1 అయితే లెవెల్ 12, 1,01,500 దగ్గర మొదలు. అయితే పోస్టులు తక్కువ, ఒక్కో పోస్టుకి బారులు తీరే జనం ఎక్కువ.

ఇక మీ బావగారి కప్పులూ సాసర్లూ. హైదరాబాద్‌లో ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) 1971లో పెట్టారు, అక్కడ అణు విద్యుత్ కేంద్రాలకి వెళ్ళే యురేనియం డయాక్సైడ్ బిళ్ళలు తయారవుతాయి. పౌడర్ తీసుకుని, నొక్కి, హైడ్రోజన్‌లో 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. నువ్వు ప్రాజెక్టులో చేసిన పనే, పౌడర్ మారిందంతే. బాలాపూర్ దగ్గర ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ రీసెర్చ్ సెంటర్‌లో అటువైపు వస్తువు కనిపించేంత పారదర్శకమైన సిరామిక్స్ చేస్తారు. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహాల ల్యాబు డీఎంఆర్‌ఎల్. ఇదంతా ఒక్క ఊళ్ళోనే. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళు గేట్ స్కోరుతో మెటలర్జీ వాళ్ళని ఏడాది శిక్షణకి తీసుకుంటారు, ఆ నోటిఫికేషన్ కూడా చూడు. నువ్వు రెండు దారులే ఉన్నాయనుకుంటున్నావు.

ప్రైవేటు_పంతులు | మంగళవారం మధ్యాహ్నం 1:15

ల్యాబు సార్ చెప్పింది మెట్లెక్కినవాళ్ళ కథ. కింద ఉండిపోయినవాడి కథ కూడా వినాలి కదా.

2019లో నాకు డాక్టరేట్ వచ్చింది, జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) మీద. ఇప్పుడు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకి ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్తున్నాను. నేను చేరినప్పుడు మెటలర్జీ బ్రాంచి ఉండేది, అరవై సీట్లకి పదకొండు మంది చేరారు, ఆ మరుసటేడు బ్రాంచి ఎత్తేసి సీట్లన్నీ కంప్యూటర్స్‌లోకి మార్చుకున్నారు. మా మఫుల్ ఫర్నేస్ (పెట్టెలా ఉండే ల్యాబు కొలిమి) ఇప్పుడు స్టోర్‌రూమ్‌లో ఉంది, దాని మీద కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళ కోసం తయారుచేసిన ఫైళ్ళు పేర్చారు. తమాషాకి అనడం లేదు, ఫైళ్ళకి ఆ ఎత్తు సరిగ్గా సరిపోయింది.

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పడానికి నెట్ అక్కర్లేదు, పీహెచ్‌డీ చాలు అంటారు, నిజమే. కానీ ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి ప్రశ్న "మీది మెకానికల్ కిందకి వస్తుందా రాదా". అచ్చంగా సిరామిక్ డిపార్ట్‌మెంట్ ఉన్న చోట్లు దేశం మొత్తం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మెటీరియల్స్ అని ఉన్నచోట మెటల్స్ వాళ్ళు మనల్ని బయటివాళ్ళలా చూస్తారు, ఫిజిక్స్‌కి పోతే ఇంజనీరంటారు. జీతం రెండు నెలలకోసారి, స్కోపస్ లిస్టులో ఉన్న జర్నల్స్‌లో ఏడాదికి రెండు పేపర్లు లేకపోతే ఇంక్రిమెంట్ లేదు. ఫర్నేస్ లేకుండా పేపర్లు ఎలా వస్తాయో మీరే ఊహించుకోండి, డబ్బు తీసుకుని అచ్చేసే జర్నల్స్ ఊరికే బతకడం లేదు.

అయినా ఒక్కమాట. శుద్ధమైన జిర్కోనియా కాల్చి చల్లారుస్తుంటే లోపలి స్ఫటికం రూపు మార్చుకుని నాలుగైదు శాతం ఉబ్బుతుంది, బిళ్ళ ముక్కలైపోతుంది. కొంచెం యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలిపి ఆ మార్పుని ఆపి ఉంచితే, ఎప్పుడో పగులు బయల్దేరినప్పుడు, ఆ పగులు కొస దగ్గర మాత్రమే స్ఫటికం ఉబ్బి దాని నోరు నొక్కేస్తుంది. 1975లో గార్వీ, ఇంకో ఇద్దరు కలిసి నేచర్‌లో దీని గురించి రాస్తూ "సిరామిక్ స్టీలా?" అని పేరు పెట్టారు. ఈరోజు పళ్ళ డాక్టరు వేసే తెల్ల క్యాపు అదే. ఇంత అందమైన సంగతిని నేను ఆరేళ్ళలో ఒక్క క్లాసులో కూడా చెప్పే సందర్భం రాలేదు.

కొలిమి1600 | మంగళవారం మధ్యాహ్నం 2:02

పంతులు గారూ, మా కంపెనీకి రెజ్యూమే పంపండి. సీరియస్‌గానే అంటున్నా, మెసేజ్ పెట్టండి.

రైన్_గట్టు | మంగళవారం సాయంత్రం 5:48

జర్మనీ నుంచి. పోస్ట్‌డాక్ రెండో ఏడు, బ్యాటరీల్లో వాడే ఘన ఎలక్ట్రోలైట్ల మీద పని, లిథియం లాంథనం జిర్కోనియం ఆక్సైడ్. 2007లో దీని మీద పేపర్ రాసిన ముగ్గురిలో ఇద్దరివి తమిళ పేర్లే, మురుగన్, తంగదురై. మురుగన్ గారు తర్వాత పుదుచ్చేరి యూనివర్సిటీలో చేశారు. అంటే పెద్ద పని పడమట దేశాల్లోనే జరగాలని రాసిపెట్టి లేదు.

ఈ పదార్థం సంగతి చెప్తే ఈ ఉద్యోగం ఎలాంటిదో నీకే తెలుస్తుంది. కాలిస్తే లిథియం ఆవిరై పోతుంది, అందుకని పెల్లెట్‌ని అదే పౌడర్‌తో కప్పి పెడతాం, పచ్చి మామిడికాయల్ని గడ్డిలో దాచినట్టు. నా మొదటి ఏడాది పెల్లెట్లు ఒకసారి మంచి కండక్టివిటీ చూపేవి, ఇంకోసారి చెత్తగా వచ్చేవి. అదే పౌడరు, అదే ఫర్నేసు, నాకు పిచ్చెక్కింది. తీరా చూస్తే క్రూసిబుల్, అంటే పెల్లెట్ పెట్టి కాల్చే గిన్నె. అల్యూమినా క్రూసిబుల్‌లోంచి అల్యూమినియం నెమ్మదిగా పెల్లెట్‌లోకి పాకుతుంది, అదే మనకి కావలసిన, లిథియం బాగా కదిలే క్యూబిక్ స్ఫటిక రూపాన్ని నిలబెడుతుంది. నాకంటే చాలా ముందే ఈ రంగం మొత్తం ఈ గుంటలో ఒకసారి పడి లేచింది, పాత పేపర్లు శ్రద్ధగా చదివి ఉంటే నాకు ఎనిమిది నెలలు మిగిలేవి. గిన్నె కూడా వంటలో భాగమేనని మా అమ్మమ్మకి తెలుసు, నాకు తెలియలేదు.

ఇక్కడ పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే, కాంట్రాక్టు రాసిస్తారు, ఈ13 అనే ఇక్కడి ప్రభుత్వ జీతం స్కేలులో 65 నుంచి 75 శాతం మామూలు, పెన్షన్‌కీ హెల్త్‌కీ కోసుకుంటారు. స్టూడెంట్ కాదు ఉద్యోగి అన్న మర్యాద ఉంది. కానీ పర్మినెంట్ అనేది ఎండమావి. డాక్టరేట్‌కి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు, అంతవరకే టెంపరరీ కాంట్రాక్టులు అని చట్టం. తర్వాత ప్రొఫెసర్ అయినా అవ్వాలి, సర్దుకునైనా వెళ్ళాలి. ఆ చట్టం మంచిదని చెప్పే ప్రభుత్వ వీడియోలో హన్నా అనే కల్పిత రీసెర్చర్‌ని చూపించారు, 2021లో "నేనే హన్నా" అంటూ ఇక్కడి రీసెర్చర్లు ట్విట్టర్‌లో పెద్ద గొడవే చేశారు. చట్టం అలాగే ఉంది.

సిలికా_ఇసుక | మంగళవారం రాత్రి 8:30

మాది గూడూరు, సిరామిక్ డిప్లొమా చేసి గుజరాత్‌లోని మోర్బీ వచ్చి పడ్డాను, టైల్స్ పని. అందరూ అణువులూ బ్యాటరీలూ అంటుంటే మాలాంటోళ్ళం ఏమైనా వెనకబడ్డామా? 2019లో ఎన్‌జీటీ (పర్యావరణ కేసుల ట్రిబ్యునల్) ఇక్కడ బొగ్గు నుంచి గ్యాస్ తీసే కోల్ గ్యాసిఫయర్లు మూయించాక, కొనుక్కునే గ్యాస్ బిల్లు చూసి మా ఓనర్లకి నిద్ర కరువైంది. రోలర్ కిల్న్‌లో (టైళ్ళు రోలర్ల మీద నడుస్తూ కాలే కొలిమి) టైలు గంటలోపే కాలి బయటికొస్తుంది, అందులో ఓ యాభై డిగ్రీలు తగ్గించగలిగే మట్టి మిశ్రమం ఎవరైనా చెప్తే నెత్తిన పెట్టుకుంటారు. ద్వారకా తిరుమల దగ్గర బాల్ క్లే అనే జిగట మట్టి ఉంది, మా నెల్లూరు వైపు సిలికా ఇసుక ఉంది. వాటి మీద పీహెచ్‌డీ చేసేవాళ్ళు కనబడరు ఎందుకో. పేపర్‌కి గ్లామర్ ఉండదనుకుంటా.

ఫీనిక్స్_ఎండ | బుధవారం ఉదయం 7:12

అమెరికాలో పీహెచ్‌డీ, కెపాసిటర్లలో వాడే బేరియం టైటనేట్ మీద, తర్వాత అకడమిక్స్ వదిలేసి చిప్ పరికరాల కంపెనీలో చేరాను. చిప్పులు తయారయ్యే మెషీన్‌లో వేఫర్‌ని (చిప్పులు చెక్కే పల్చటి సిలికాన్ బిళ్ళ) పట్టి ఉంచే పళ్ళెం ఉంటుంది, అల్యూమినియం నైట్రైడ్‌ది. నా పని ఆ పళ్ళెం ఎందుకు పగిలిందో చెప్పడం. నా థీసిస్‌కీ దీనికీ సంబంధం లేదు, కానీ పగులు చూసి అది ఎక్కడ పుట్టిందో వెనక్కి నడుచుకుంటూ పోయే అలవాటు ఐదేళ్ళలో వచ్చింది, జీతం దానికే. నీ ఫోన్‌లో వందల సిరామిక్ కెపాసిటర్లు ఉన్నాయి, ఒక్కోటి నువ్వుగింజ కన్నా చిన్నది, లోపల వందల పొరలు. బావ ఆ ఫోన్‌లోనే జావా గురించి మాట్లాడుతున్నాడని చెప్పు.

ప్రొఫెసర్ కాకపోతే పీహెచ్‌డీ దండగ అన్నట్టు పైన ధోరణి కనిపిస్తోంది, అది నాకు నచ్చలేదు. నాతో చేసినవాళ్ళలో ప్రొఫెసర్లయింది ఒక్కడు. మిగతావాళ్ళం రోడ్డున పడలేదు.

ల్యాబ్_మెట్లు | బుధవారం ఉదయం 7:50

ధోరణి అదికాదు బాబూ, ఆ అమ్మాయి టైటిల్లో అడిగింది పీహెచ్‌డీ గురించి కాబట్టి ఆ దారి లెక్క చెప్పాను. అమెరికాలో వదిలేస్తే పక్క వీధిలో చిప్ కంపెనీ ఉంటుంది. ఇక్కడ వదిలేస్తే ఏముందో పంతులు గారు చెప్పారు. ఇప్పుడిప్పుడే మారుతోంది, కాదనను.

గోదారి_కోడలు | బుధవారం ఉదయం 9:30

మా ఆయనది కూడా సిరామిక్సే. మా పెళ్ళి ముహూర్తం సిద్ధాంతి గారు పెట్టలేదు, ఆయనకి ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) స్లాటు లేని వారం చూసి పెట్టాం. అంతే చెప్పదలుచుకున్నది.

రెండో_సంవత్సరం | బుధవారం రాత్రి 11:55

ల్యాబు నుంచే రాస్తున్నాను, ఫర్నేస్ 900 దాటింది, 1,550 చేరేదాకా నేనిక్కడి నుంచి కదలకూడదు. రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే మళ్ళీ మొదటికి. పోయిన నెలలో అదే అయ్యింది. మూడు వారాలు మిల్లింగ్ చేసిన పౌడరు, ఆరు పెల్లెట్లు, నిమిషం కరెంటు పోయింది. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అని మా తాత ఊరికే అనేవాడు కాదు.

నూజివీడు చెల్లీ, ఫెలోషిప్ ఎంత అని కాదు, ఎప్పుడొస్తుంది అని అడుగు. ఒకసారి నాకు నాలుగు నెలలు ఆగి కలిపి పడింది, అప్పటిదాకా మెస్ బిల్లు అప్పు. గైడ్ ఎన్ని పేపర్లు రాశాడో గూగుల్ చెప్తుంది, ఆయన దగ్గర మొన్న బయటికి వెళ్ళిన ముగ్గురు ఎన్నేళ్ళు పట్టి వెళ్ళారో, మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో గూగుల్ చెప్పదు. ఫైనలియర్ స్కాలర్‌ని క్యాంటీన్‌లో ఒంటరిగా పట్టుకో, ల్యాబులో కాదు. ఫర్నేస్ బుకింగ్ రిజిస్టర్ చూపించమను. రిజిస్టర్ ఖాళీగా ఉంటే ఆ ఫర్నేస్ పాడైందని, నిండా ఒకే పేరుంటే ఆ ల్యాబులో ఒకడిదే రాజ్యమని అర్థం. ఇంకా, హై టెంపరేచర్ ఫర్నేస్ వాళ్ళదా, వేరే డిపార్ట్‌మెంట్‌ని బతిమాలుకోవాలా అన్నది కూడా. 2010లో అమెరికాలోని బౌల్డర్‌లో రిషి రాజ్ గారి బృందం కరెంటు పెట్టి జిర్కోనియాని 850 డిగ్రీలకే సెకన్లలో సింటర్ చేశారు, అంటే పౌడర్‌ని కాల్చి గట్టి ముక్క చేశారు, మేమింకా గంటల తరబడి ఈ పెట్టె ముందు కూర్చుంటున్నాం. సరే, 940.

అడ్మిన్ | గురువారం ఉదయం 10:00

రిజర్వేషన్ల మీద వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాం. ఆ గొడవకి వేరే చోటు చూసుకోండి.

నూజివీడు_రసం | ఆదివారం రాత్రి 9:10

అందరికీ థాంక్స్, రిప్లై ఆలస్యమైంది ఎందుకంటే వెళ్ళి చూసొచ్చాను. శుక్రవారం పొద్దున దిగాను. రిజిస్టర్ అడిగితే అక్కడి సీనియర్ అక్క నవ్వి "ఎవరో బాగా నేర్పి పంపారే" అంది. వచ్చే నెల పదో తారీఖు దాకా నిండి ఉంది, ఐదు పేర్లు కలగలిసి. చివరి ముగ్గురికీ ఐదున్నర, ఆరు, ఐదేళ్ళు పట్టిందట. మానేసిన ఒకరి గురించి అక్క క్యాంటీన్‌లో చెప్పింది, అది ఇక్కడ రాయను. కిటికీ మీద పాత హార్లిక్స్ సీసా నిండా విరిగిన పెల్లెట్లు ఉన్నాయి, ఒక్కోదానికి తారీఖు వేసి చీటీ. పారేయరట, పగులు చూడాలంటే ఎప్పుడో పనికొస్తుందని.

గైడ్ గారు ఇంటర్వ్యూలో లాగా ప్రశ్నలేమీ వేయలేదు. "ఒక పెల్లెట్ నొక్కు చూద్దాం" అన్నారు. పౌడర్ తూచాను, డైలో (స్టీలు అచ్చు) పోశాను, ప్రెస్ హ్యాండిల్ కొట్టాను, నిమిషం ఉంచి మా కాలేజీలో లాగానే వాల్వు గిర్రున తిప్పేశాను. ఆయన "అదిగో" అన్నారు. తీసి చూస్తే పైపొర లేచింది, మూత ఊడినట్టు. ప్రెషర్ ఒక్కసారిగా వదిలితే లోపల చిక్కుకున్న గాలీ, నొక్కుకుపోయిన పౌడరూ ఒకేసారి వెనక్కి తన్నుతాయి, వాల్వుని వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. మా తొమ్మిది పెల్లెట్లూ పోయింది దీనికే! రెండోది మెల్లగా వదిలాను. అక్క దాన్ని తన బ్యాచ్‌లో పెట్టింది, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 1,600 వరకు, అక్కడ రెండు గంటలు, తర్వాత దానంతటది చల్లారాలి.

కంపెనీ వాళ్ళకి ఈరోజు మెయిల్ పెట్టాను, రాలేనని. కొలిమి అన్నయ్యా, కోపం తెచ్చుకోకండి, ల్యాబు సార్ వేసిన వయసు లెక్క నాకు నిద్ర పట్టనివ్వలేదు. పంతులు గారి ఫర్నేస్ కూడా పట్టనివ్వలేదు, అది వేరే విషయం. బార్క్ నోటిఫికేషన్ వస్తే అదీ రాస్తాను. నాన్నకి అన్నం పెట్టేటప్పుడు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ ఊరికి విజయవాడ నుంచి డైరెక్ట్ బస్సుందా, మారాలా" అన్నాడు.

కొలిమి1600 | ఆదివారం రాత్రి 9:41

కోపమెందుకు. పంతులు గారి రెజ్యూమే వచ్చింది, నీ బదులు ఆయన దొరికేలా ఉన్నారు. పెల్లెట్ ఏమైంది? రంగు కూడా చెప్పు.

నూజివీడు_రసం | సోమవారం ఉదయం 8:15

అక్క ఇప్పుడే వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. తెల్లగా ఉంది. ఒక అంచున పెచ్చు ఊడింది, చిన్నదే.